తొమ్మిది రోజుల చీమలు

విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి, అది ఏ బీరువాలో ఏ అరలో ఉండాలో తేల్చేది ఆవిడే కాబట్టి అందరికీ కేటలాగమ్మ అయిపోయింది. ఏ పుస్తకం అడిగినా కంప్యూటరు వైపు చూడకుండా, "రెండో అంతస్తు, కిటికీ పక్క వరుస, మోకాలెత్తు అర, ఎర్ర అట్ట" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. అది విని అవతలివాళ్ళు నోరు వెళ్ళబెడితే ఆవిడకి ఆ పూటకి కడుపు నిండినట్టే.

అలాంటి మనిషి ఒక సోమవారం ఉదయం మొదటిసారి తెల్లమొహం వేసింది.

లెక్కల విభాగంలో మూడేళ్ళుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. జడలో పెన్సిలు గుచ్చుకుని, అదే పెన్సిలు కోసం ఊరంతా వెతికే రకం. లైబ్రరీలో అందరూ లెక్కల పిల్ల అనేవారు.

"అక్కా, నాకు పేపరు చదవని జనం కావాలి."

"ఎవరు కావాలి?"

"మనుషులే అక్కర్లేదు. పిట్టలైనా పురుగులైనా సరే. గుంపుగా ఒక దారిలో పోతూ పోతూ, ఆ దారి వదిలేసి ఇంకో దారికి మళ్ళాలి. ఆ మళ్ళడాన్ని ఎవరో ఓపిగ్గా రోజూ కూర్చుని లెక్కపెట్టి రాసి ఉండాలి."

సంగతేమిటంటే, ఆ పిల్లకి గైడు ఫైనాన్సు విభాగంలో ప్రొఫెసరు. షేర్లు కొనేవాళ్ళు ఒకదాన్ని వదిలేసి ఇంకోదాని మీదికి ఎంత వేగంగా ఎగబడతారో చెప్పే సూత్రం ఒకటి ఆ పిల్ల తయారుచేసింది. మొదట ఒకరిద్దరు కదులుతారు, తర్వాత వరదలా పోతారు, చివర్న మిగిలినవాళ్ళు నింపాదిగా చేరుకుంటారు. కాగితం మీద సూత్రం ముచ్చటగా ఉంది. తీరా మార్కెట్టు అంకెలతో సరిచూడబోతే ఏదీ తేలడం లేదు. మనిషి పక్కవాణ్ణి చూసి పరిగెత్తాడా, పొద్దున్నే పేపర్లో ఏదో చదివి పరిగెత్తాడా అన్నది విడదీసి చెప్పేదెవరు? అందుకే వార్తలూ పుకార్లూ ఎరగని జీవుల కోసం ఆమె వెతుకులాట.

కేటలాగమ్మ మూడు రోజులు కిందా మీదా పడింది. జంతుశాస్త్రం వరుసలు మొత్తం గాలించింది. పిట్టల వలసల మీద నాలుగు పుస్తకాలు దొరికాయి గానీ రోజువారీ లెక్కలు ఒక్కదాన్లోనూ లేవు. బుధవారం సాయంత్రం ఆ పిల్ల మళ్ళీ వచ్చినప్పుడు, "మన దగ్గర లేదమ్మా" అని చెప్పాల్సివచ్చింది. ఆ మాట అంటుంటే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే పెద్ద లైబ్రేరియన్ గారు ఇంకో పని అప్పగించారు. కింది అంతస్తులో పాత థీసిస్‌లు పేరుకుపోయాయి. ఆ గది ఖాళీ చేసి విద్యార్థులు కూర్చుని చదువుకోవడానికి బల్లలు వేయిస్తారట. "పాతికేళ్ళుగా ఒక్కరూ తీసుకెళ్ళనివి ఏరి జాబితా రాయండి. వాటిని తీసేద్దాం" అన్నారాయన. తన చేత్తో నంబరు వేసిన వాటిని తన చేత్తోనే ఏరి పారెయ్యడం ఆవిడకి సుతరామూ ఇష్టం లేదు. కానీ ఉద్యోగం.

గురువారం పొద్దున్న నిచ్చెన వేసుకుని రోడ్ల ఇంజనీరింగు వరుసకి వచ్చింది. ఒక్కొక్కటే తీసి చివరి పేజీలో తేదీ ముద్రలున్న చీటీ చూడటం, పక్కన పెట్టడం. తారు మందం మీద ఒకటి. కంకర సైజుల మీద ఒకటి. వాటి మధ్య గోధుమరంగు అట్టతో సన్నటిది ఒకటి తగిలింది. 'ప్రత్యామ్నాయ మార్గాల ఎంపిక: పదమూడు నెలల పరిశీలన' అని పేరు. చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. పాపం, ఎవరో గానీ పదమూడు నెలలు రోడ్డు పక్కన నిలబడ్డారు కాబోలు అనుకుంటూ లోపల ఒక పేజీ తిప్పింది.

లోపల రోడ్డు లేదు. సిరాతో గీసిన చీమ ఉంది. ఆరు కాళ్ళూ, రెండు మీసాలూ, కాళ్ళ మీది నూగుతో సహా ఎంతో నెమ్మదిగా గీసిన బొమ్మ.

కేటలాగమ్మ నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. ఒక ఇంటి ప్రహరీ గోడ మీద చీమలకి గూటి నుంచి ఆహారానికి రెండు దారులు. దగ్గరి దారికి రాయి అడ్డం పెడితే ఎన్ని రోజులకి, రోజుకి ఎన్నెన్ని చొప్పున దూరపు దారికి మళ్ళాయి? పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, సుద్దముక్కతో గీసిన గీత దాటిన ప్రతి చీమనీ లెక్కపెట్టి రాసిన పట్టికలు. పేజీలకి పేజీలు.

పేపరు చదవని జనం!

సంతోషంతో అట్ట మూసి గుండెకి హత్తుకోబోయి, వెన్ను మీద నంబరు చూసి ఆగిపోయింది. రోడ్ల నంబరు. ఆ నల్ల సిరా, పొట్ట ఉబ్బిన ఆ సున్నా ఎవరివో ఆవిడకి చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల అది. పైవాళ్ళ మెప్పు కోసం రోజుకి యాభై పుస్తకాలకి నంబర్లు వేసిపారేసిన నెల. 'మార్గాలు' అన్న మాట చూసింది, అట్ట తెరవకుండానే రోడ్లలో పడేసింది. చీమల కోసం వచ్చినవాళ్ళెవరూ తారు, కంకర మధ్య వెతకరు కదా.

ముందు ఆ పిల్లకి ఫోను చేసింది. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, పైకి పోయే ఓపిక కూడా లేక మెట్ల మీదే చతికిలబడి చదివింది. పేజీ తిప్పినప్పుడల్లా "అక్కా! అక్కా!" అనడం తప్ప వేరే మాట లేదు.

శనివారం మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"అంతా అతికినట్టు సరిపోయింది అక్కా. నేను గీసిన గీత మీద చీమలు బారులు తీరాయనుకో. కానీ ఏడో నెలలో ఒక తొమ్మిది రోజులున్నాయి. అసలు దారి మారడం మొదలైంది ఆ రోజుల్లోనే. సరిగ్గా అక్కడే అంకెలు ఇంచుమించు రెట్టింపు. ముందూ లేదు వెనకా లేదు."

"సగం చేసి చూశావా?"

"చూశాను. సగం చేస్తే దగ్గరికి వస్తున్నాయి. కానీ ఎందుకు సగం చెయ్యాలి? కారణం లేకుండా చేస్తే అది లెక్క కాదక్కా, దొంగతనం. ఈ థీసిస్ రాసిన మేడమ్ ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని అడగాలి."

జంతుశాస్త్రం ఆఫీసులో అడిగితే చిరునామా ఇట్టే దొరికింది. ఆవిడ రిటైరై పదేళ్ళయింది. ఎప్పుడూ మొదటి సంవత్సరం పిల్లలకి పాఠాలు చెప్పేవారనీ, పరిశోధన జోలికి మళ్ళీ పోలేదనీ చెప్పారు. అది విన్నాక కేటలాగమ్మకి కాళ్ళు ముందుకి పడటం మానేశాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఆరేసిన బట్టలు మడతపెడుతున్నారు. కోడలు ఒకే తువ్వాలుని నాలుగుసార్లు విప్పి మడతపెట్టడం చూసి, ఆవిడ తువ్వాలు లాక్కున్నారు.

"దాని ప్రాణం తీయకు. ఏమైందో చెప్పు."

కోడలు మొత్తం చెప్పింది. నంబరు సంగతి కూడా దాచలేదు. "రేపు ఆ పిల్లని ఒక్కదాన్నే పంపిస్తానత్తయ్యా. థీసిస్ దొరికిందని చెబితే చాలదా? ఎలా పోయిందో ఆవిడకెందుకు?"

అత్తగారు ఒక చొక్కా తీసి కాలరు సరిచేశారు.

"నీ పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోలేదంటే నువ్వేమనుకుంటావే? నీ రాతలో పస లేదనుకుంటావు. ఆవిడా అంతే అనుకుని ఉంటుంది. అది నిజం కాదని చెప్పగలిగేది లోకంలో నువ్వొక్కదానివే. తిడితే పడు. తిట్లకి ఒళ్ళు అరగదు."

ఆదివారం పది గంటలకి ఇద్దరూ మూడో అంతస్తులో ఉన్న మేడమ్ గారి వాటా తలుపు కొట్టారు. తీసినాయన ఒక కంటికి భూతద్దం తగిలించుకుని ఉన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి. ముందు గదిలో కిటికీ పక్కన ఆయన బల్ల, దాని మీద గుండుసూదుల్లాంటి స్క్రూలు, విప్పి పరిచిన వాచీలు నాలుగైదు. "ప్రొఫెసరు గారూ, మీకోసం ఎవరో వచ్చారు!" అని లోపలికి కేకేశాడు.

వచ్చినావిడ పొట్టి మనిషి. గొంతు మాత్రం ఆఖరి బెంచీ దాకా వినపడేది. థీసిస్ మాట ఎత్తగానే కళ్ళు చిట్లించారు.

"నాదా? ఇరవై ఆరేళ్ళ తర్వాత దాన్లో తప్పులు వెతకడానికి వచ్చారా?"

లెక్కల పిల్ల నోరు తెరవబోతే కేటలాగమ్మ చెయ్యి పట్టి ఆపింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది.

"తప్పు మీది కాదు మేడమ్, నాది. మీ థీసిస్ ఎవరూ చదవలేదంటే దానికి కారణం నేను. అట్ట మీద 'మార్గాలు' అని చూసి రోడ్ల ఇంజనీరింగులో పెట్టేశాను. తెరిచి కూడా చూడలేదు. ఇరవై ఆరేళ్ళు తారుకీ కంకరకీ మధ్య పడి ఉంది. మొన్న గురువారం నా చేతికే దొరికింది. మిమ్మల్ని క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రోడ్లలోనా?" అన్నారావిడ.

"రోడ్లలోనే మేడమ్."

"నేను ఏడాదికోసారి వచ్చి జంతుశాస్త్రం వరుసలో వెతికేదాన్ని. కనపడేది కాదు. పనికిమాలింది కదా, పారేసి ఉంటారనుకున్నాను. అడిగితే పరువు పోతుందని అడగలేదు." ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు ఒక్కసారి మెత్తబడింది. "అయితే పారెయ్యలేదన్నమాట. ఉంది. ఏడవకమ్మా, కూర్చో. ఉందని చెప్పడానికి వచ్చావు కదా. ఏవండీ, టీ పెట్టండి!"

ఆయన కదల్లేదు. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఈలోపు లెక్కల పిల్ల తన గీతల కాగితం పరిచి సంగతంతా చెప్పింది. చీమలు తన సూత్రాన్ని ఎంత చక్కగా పాటించాయో వింటున్నంతసేపూ మేడమ్ మొహం వెలిగిపోయింది. ఆ తొమ్మిది రోజుల దగ్గరికి వచ్చేసరికి దీపం తగ్గించినట్టయింది.

"పరీక్షకుడు కూడా అదే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ ఇచ్చారు గానీ, 'ఈ తొమ్మిది రోజుల లెక్కలు నమ్మదగినవి కావు' అని రిపోర్టులో రాశాడు. ఆ ఒక్క వాక్యంతో నాకు విరక్తి పుట్టింది. ఆ తొమ్మిది రోజులూ నాకు టైఫాయిడ్, ఆసుపత్రిలో ఉన్నాను. లెక్క ఈయన పెట్టారు. వాచీలు బాగుచేసే చెయ్యి, వెంట్రుకవాసి తేడా రానివ్వదు. అందుకే చీమలే ఏదో చేశాయనుకున్నాను."

బల్ల మీద స్క్రూడ్రైవరు జారి కింద పడింది. దానితోపాటు స్క్రూలు కూడా.

"ప్రొఫెసరు గారూ," అన్నాడాయన కంటి భూతద్దం తీసి. "ఈ లైబ్రరీ అమ్మాయి ముక్కూమొహం తెలియని మనిషి ఇంటికొచ్చి అంత ధైర్యంగా ఒప్పుకుంది. ఇంకా నేను నోరు మూసుకుని కూర్చుంటే మనిషిని కాను. నువ్వు గూట్లోంచి బయటికి పోయేవాటినే లెక్కపెట్టమన్నావు. నేను వచ్చేవాటిని కూడా లెక్కపెట్టాను."

"ఏమిటీ?"

"పోయేవీ వచ్చేవీ కలిపేశాను. నీ పరీక్ష రోజున వెనక బెంచీలో కూర్చుని ఆ పెద్దమనిషి అడుగుతుంటే విన్నాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. గుండె జారిపోయింది. బయటికొచ్చాక చెబుదామనుకున్నాను. నువ్వు మాట్లాడే స్థితిలో లేవు. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూ..."

"అసలు వచ్చేవాటిని ఎందుకు లెక్కపెట్టారండీ?"

ఆయన కింద పడ్డ స్క్రూల కోసం వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. జ్వరం దిగడం లేదన్నారు. పొద్దున్నే వచ్చి ఆ గోడ దగ్గర కూర్చుంటే, పోయినవి పోయినట్టే ఉంటే నాకు బెంగగా ఉండేది. అవైనా తిరిగి ఇంటికి చేరుతున్నాయా లేదా అని చూసుకునేవాణ్ణి."

మేడమ్ భర్త వైపు రెప్ప వెయ్యకుండా చూశారు. కేటలాగమ్మ ఇప్పుడు పిడుగు పడుతుందని భయపడి లెక్కల పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. పడింది పిడుగు కాదు, నవ్వు. ఆ పొట్టి మనిషిలో అంత నవ్వు ఎక్కడ దాగి ఉందో, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా, పక్క వాటావాళ్ళు కిటికీ తెరిచి చూసేదాకా నవ్వారు.

"ఇరవై ఆరేళ్ళు!" అన్నారు పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇరవై ఆరేళ్ళు నేను ఆ చీమల్ని అనుమానించానండీ! మిమ్మల్ని అనుమానించడం మాత్రం తోచలేదు!"

అప్పుడు గానీ ఆయనకి ఊపిరి ఆడలేదు. "టీ పెడతాను" అంటూ లేచాడు.

"ఆగండి సార్," అంది లెక్కల పిల్ల. "ఎన్ని పోయాయో, ఎన్ని వచ్చాయో విడిగా ఎక్కడైనా రాశారా?"

"విడిగానా? కలిపే రాశాను. కాకపోతే పోయేదానికి గీత అటు వంచి గీసేవాణ్ణి, వచ్చేదానికి ఇటు. తేడా తెలియాలి కదా."

ఆ మాటకి పిల్ల కుర్చీలోంచి ఎగిరి లేచింది. మేడమ్ అప్పటికే బీరువా మీది అట్టపెట్టె కోసం స్టూలు లాక్కుని ఎక్కుతున్నారు. "పిల్లా, పట్టుకో నన్ను! ఆ వంకర గీతలు చూసి ఈయన చేతిరాత ఇంత ఘోరమా అనుకున్నానే గానీ, కిందున్న మొత్తాలు మాత్రం ఎత్తి రాసుకున్నాను!"

అట్టపెట్టెలోంచి గళ్ళ నోటు పుస్తకాలు పదమూడు దిగాయి. ఏడో దాన్లో తొమ్మిది పేజీలు కిక్కిరిసిన గీతలే, గాలికి ఊగే గడ్డిలాగా కొన్ని అటు, కొన్ని ఇటు. నలుగురూ బల్ల ఖాళీ చేసి చుట్టూ కూర్చున్నారు. వాచీలాయన తన భూతద్దాలు తలా ఒకటి ఇచ్చాడు. తలా రెండు రోజులు పంచుకున్నారు, మిగిలిన ఒక్క రోజు నాదంటే నాదని వాదులాడుకుని చివరికి ఆయనకే వదిలేశారు. ఒకరు లెక్కపెట్టింది ఇంకొకరు మళ్ళీ లెక్కపెట్టి సరిచూశారు. టీ ఎవరూ పెట్టలేదు, ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం రెండయింది.

"పోయేవి చెప్పండి ఒక్కొక్కరే," అంది లెక్కల పిల్ల పెన్సిలు కోసం బల్లంతా తడుముతూ. మేడమ్ ఆ పిల్ల జడలోంచి పెన్సిలు లాగి చేతిలో పెట్టారు.

మొదటి రోజు చుక్క గీత మీద పడింది. రెండోది పడింది. మూడోది కాస్త పైన, వెంట్రుకవాసి. నాలుగు, అయిదు, ఆరు, గీత నిటారుగా లేచే చోట మెట్లెక్కినట్టు ఎక్కాయి. తొమ్మిదో చుక్క కూడా పెట్టేసింది పిల్ల. కాగితం తిప్పి మేడమ్ వైపు జరిపింది. ఆవిడ ఆ చుక్కల వరస మీద చూపుడువేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా మెల్లగా నడిపించారు.

"నమ్మదగినవే," అన్నారు.

తర్వాతి సంగతులు చకచకా జరిగాయి. పరిశోధన పత్రం మొదటిసారి తిరిగొచ్చింది, రెండోసారి అచ్చయింది. పేర్లలో మొదట పిల్ల, పక్కన మేడమ్, తర్వాత ఫైనాన్సు ప్రొఫెసరు. అడుగున కృతజ్ఞతల్లో ఒక గడియారాల మెకానిక్కు, ఒక లైబ్రరీ ఉద్యోగి. అత్తగారు ఆ పేజీ కాపీ తీయించి, ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు చూపించడం మొదలెట్టారు.

కేటలాగమ్మ ఆ పత్రం పట్టుకెళ్ళి పెద్ద లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టింది. "అట్ట తెరిచి చదవకుండా ఒక్క థీసిస్ కూడా తీసెయ్యనండీ. ఏడాది పట్టినా సరే" అంది. ఆయన పత్రం చదివి, తల గోక్కుని, బల్లలు ఇంకో గదిలో వేయిస్తానన్నారు. సాయానికి ఇద్దరు ఉద్యోగుల్ని కూడా ఇచ్చారు.

ఆ పై నెలలో ఒక ఎండపొద్దున, లైబ్రరీ వెనక గోడ దగ్గర కొత్త పరిశీలన మొదలైంది. మేడమ్ మడతకుర్చీలో టోపీ పెట్టుకుని కూర్చున్నారు. వాచీలాయన ఆగడానికీ నడవడానికీ మీటలున్న పాత గడియారం ఒకటి బాగుచేసి తెచ్చాడు. ఇస్త్రీ మడత నలగని ఫైనాన్సు ప్రొఫెసరు గారు మొదట నిలబడే చూశారు. తర్వాత వంగారు. ఆ తర్వాత రుమాలు పరిచి మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు గోడకి ఆనేంత దగ్గరికి వెళ్ళిపోయారు.

"సార్, మీ నీడ పడుతోంది. జరగండి," అని మేడమ్ ఆఖరి బెంచీ గొంతుతో గదిమారు.

"సారీ మేడమ్," అంటూ ఆయన బుద్ధిగా పక్కకి జరిగారు.

మేడమ్ కొత్త నోటు పుస్తకం మొదటి పేజీ తెరిచి, అది కేటలాగమ్మ ఒళ్ళో పెట్టారు. "ఈ పూట నువ్వు లెక్కపెట్టు."

"నేనా మేడమ్? నాకు తప్పులొస్తే?"

"వస్తే చెబుతావుగా. కానియ్యి, సుద్ద గీత దగ్గరికి వస్తోంది చూడు!"

కేటలాగమ్మ ముందుకి వంగింది. ఎర్రటి చీమ ఒకటి, మీసాలు ఆడిస్తూ, తన పని మీద తాను గబగబా గీత దాటింది.

"ఒకటి!" అంది ఆవిడ, లైబ్రరీ కిటికీల దాకా వినపడేటట్టు.